మేమున్నాం అన్న మాట

లాలాగూడలో ఊర్మిళ పేరు చెబితే తెలియనివాళ్ళు ఉంటారేమో గానీ, 'ఆఫ్రికా పోయొచ్చిన పోలీసామె' అంటే మాత్రం ఎవరైనా ఇల్లు చూపిస్తారు. ఆమె తండ్రి ఓంప్రకాశ్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. ముగ్గురు ఆడపిల్లల్లో ఈమె నడిమిది. పొడగరి, మాట తక్కువ. ఇంటర్ పరీక్షలు రాసి ఊరికే కూర్చున్న రోజుల్లో, కేంద్ర పోలీసు బలగం మహిళా బెటాలియన్‌లోకి ఆడవాళ్ళను తీసుకుంటున్నారని విని, ఎవరికీ చెప్పకుండా వెళ్ళి పరుగుపందెంలో నెగ్గి వచ్చింది. తండ్రి ఒకపూట అలిగాడు. ఉత్తర్వు చేతికొచ్చాక అదే కాగితం వర్క్‌షాపుకు పట్టుకుపోయి తోటివాళ్ళకు చూపించాడు.

పెళ్ళి హరికిషన్‌తో అయింది. ఆయన గూడ్సు రైలు గార్డు. ఈమె కశ్మీరులోనో మణిపూరులోనో ఉంటే, ఆయన ఏ అర్ధరాత్రో బండి దిగివచ్చి తన అన్నం తనే వండుకునేవాడు. పిల్లలు కలగలేదు. ఆ సంగతి ఇద్దరిలో ఎవరూ ఎత్తరు.

2013లో ఊర్మిళను లైబీరియాకు పంపారు. పద్నాలుగేళ్ళు అంతర్యుద్ధంలో మాడి, ఆపైన పదేళ్ళుగా శాంతిదళాల నీడన బతుకుతున్న దేశం అది. మన దేశం నుంచి అచ్చంగా ఆడవాళ్ళతోనే ఒక పోలీసు దళం అక్కడ ఉండేది. ఏడాదికొక జట్టు వెళ్ళడం, పాత జట్టు తిరిగిరావడం. ఊర్మిళ జట్టు ప్రభుత్వ భవనాల దగ్గర కాపలా కాసేది, సాయంత్రాలు వాడల్లో గస్తీ తిరిగేది, ఆదివారాలు అక్కడి ఆడపిల్లలకు చేతిపట్టు విడిపించుకోవడం, మోకాలితో తన్నడం నేర్పేది. క్లాసు చివర ఒక మాట తప్పకుండా చెప్పాలని పైనుంచి ఆదేశం: 'ఎవరేం చేసినా వచ్చి మాకు చెప్పండి. మేమున్నాం.'

ఆ మాట ఊర్మిళకు నచ్చింది. తన వచ్చీరాని ఇంగ్లీషులో అంతకంటే బాగా చెప్పగలిగింది మరొకటి లేదు కూడా.

క్లాసుకు వచ్చేవాళ్ళలో ప్రిసిల్లా అనే పిల్ల ఉండేది. పదహారేళ్ళుంటాయి. నెత్తి మీద గంపలో నీళ్ళ ప్యాకెట్లు పెట్టుకుని క్యాంపు గేటు దగ్గర అమ్మేది. ఆమె ఇంగ్లీషు ఊర్మిళకు మొదట ఒక్క ముక్క ఎక్కలేదు. వినగా వినగా అర్థమైంది, మాట తోక మింగేస్తున్నారంతే, మన హైదరాబాదోళ్ళు మింగినట్టే. ఆ తరువాత ఇద్దరికీ బాగానే కలిసింది. ప్రిసిల్లా ఊర్మిళ జడ పట్టుకుని లాగి చూసి, సొంత జుట్టేనా అని అడిగేది. తన మోకాలి తన్ను ఎంత గట్టిదో చూపిస్తానని గంప దించకుండానే కాలెత్తేది.

సముద్రం ఒడ్డున రేకుల ఇళ్ళ వాడలో ప్రిసిల్లా, తల్లీ ఉండేవాళ్ళు. వాడ మొత్తానికీ ఉన్న నీటి పంపు ఒకాయన చేతిలో ఉండేది. యుద్ధకాలంలో చిన్నపిల్లల చేత తుపాకులు పట్టించినవాడు. యుద్ధం పోయినా జనం అతన్ని ఇంకా 'జనరల్' అనే పిలిచేవారు. నీళ్ళు కావాలంటే అతని దగ్గరికి పోవాలి. ఆడపిల్ల పోతే ఒట్టి నీళ్ళతో తిరిగి రాదు. అది వాడలో అందరికీ తెలుసు, ఎవరూ అనరు.

ఒక ఆదివారం క్లాసయ్యాక ప్రిసిల్లా వెనకబడి, ఆ మాట అన్నది. ఊర్మిళ ఆ పిల్లను చేయిపట్టుకుని తన అధికారి దగ్గరికి తీసుకుపోయింది. అధికారి అక్కడి పోలీసుల దాకా తీసుకుపోయింది. ప్రిసిల్లా జంకకుండా చెప్పింది. వారం తిరక్కుండా జనరల్‌ను జీపెక్కించారు. ఆ సాయంత్రం గస్తీకి పోతే వాడలో ఆడవాళ్ళు గుమ్మాల్లోకి వచ్చి చప్పట్లు కొట్టారు. ఊర్మిళ పోలీసు బతుకులో అలాంటి సాయంత్రం అంతకుముందు లేదు.

ఏడాది గడిచింది. జట్టు మారే వేళ వచ్చింది. సామాన్లు ట్రంకుల్లో సర్దుతుంటే ప్రిసిల్లా గేటు దగ్గరికి వచ్చింది.

"నీ బదులు ఎవరు వస్తారు?" అంది.

"మావాళ్ళే వస్తారు. ఇదే యూనిఫారం. ఏదున్నా వాళ్ళకు చెప్పు."

ప్రిసిల్లా ఆమె చొక్కా వంక చూసి, "నేను యూనిఫారానికి చెప్పలేదు, నీకు చెప్పాను," అంది. కోపంగా అనలేదు. అలా అని ఒక నీళ్ళ ప్యాకెట్టు చేతిలో పెట్టి వెళ్ళిపోయింది.

ఢిల్లీకి వచ్చాక జట్టునంతా హాల్లో కూర్చోబెట్టి, ఈ మిషన్ నుంచి నేర్చుకున్న పాఠాలేమిటో చెప్పమన్నారు. ఊర్మిళ వంతు వచ్చినప్పుడు లేచి, "ఆడవాళ్ళు ఎదురుగా కనిపిస్తే ఆడవాళ్ళు నోరు విప్పుతారు సార్," అంది. అందరూ మెచ్చుకున్నారు. అబద్ధమేమీ కాదు కూడా. పతకం ఇచ్చారు. హరికిషన్ దాన్ని అద్దం బీరువాలో పెట్టించాడు.

తరువాతి జట్టులో బొల్లారం మనిషి జ్ఞానమణి ఉంది. ఇద్దరూ ఒకే బ్యాచ్‌లో శిక్షణ పొందినవాళ్ళు. నాలుగైదు నెలలకు అక్కడి నుంచి ఆమె ఫోన్ చేసింది. మలేరియా గురించి, తిండి గురించి ఏదేదో చెప్పి, ఆగి, "ఊర్మిళా, నీళ్ళ ప్యాకెట్ల పిల్ల అంటుంటివి గదా," అంది.

జనరల్‌కు బెయిలు దొరికింది. అతను వాడకు తిరిగొచ్చిన సంగతి కొత్త జట్టుకు తెలియదు. వాళ్ళకు గస్తీ వేరే వైపు పడింది. ప్రిసిల్లా రెండుసార్లు క్యాంపు గేటు దాకా వచ్చి, కాపలా ఉన్న మనిషి మొహం చూసి ఏమీ చెప్పకుండా పోయిందట. పంపు దగ్గర అందరూ చూస్తుండగా జనరల్ మనుషులు ఆమెను కొట్టారు. ఎవరూ అడ్డు రాలేదు. ఆసుపత్రికి చేర్చేసరికి ప్రాణం లేదు.

"ఆమె తల్లి వచ్చి గేటు కాడ కూసుంటది. ఏమడగదు," అంది జ్ఞానమణి. "ఊకనే కూసుంటది."

తప్పు ఎవరిదని వేలెత్తి చూపడానికి లేదు. వెళ్ళినవాళ్ళు వెళ్ళక తప్పదు, వచ్చినవాళ్ళకు తెలిసే దారి లేదు. ఊర్మిళ ఆ లెక్కను ఎన్నిసార్లు తిప్పి చూసుకున్నా తేడా కనబడేది కాదు. అయినా పిల్ల చచ్చిపోయింది. తరువాత ఏళ్ళలో మిషన్లకు పోయే కొత్తవాళ్ళకు అనుభవాలు చెప్పమని ఆమెను పిలిచేవారు. దోమతెర ఎలా కట్టుకోవాలో, గుంపు కమ్ముకొస్తే ఎట్లా నిలబడాలో చెప్పేది. ప్రిసిల్లా పేరు ఒక్కనాడూ ఎత్తలేదు. హరికిషన్‌కు కూడా చెప్పలేదు.

ఇరవయ్యేళ్ళ సర్వీసు నిండగానే ఉద్యోగం మానేసి లాలాగూడ రైల్వే క్వార్టరుకు వచ్చేసింది. మొగుడూ పెళ్ళాం ఒక కప్పు కింద నెల పొడుగునా ఉండటం వాళ్ళకు అదే మొదటిసారి. హరికిషన్ డ్యూటీ దిగి వచ్చేసరికి వేడివేడి అన్నం ఉండేది. ఆయన ఆ వింతను చాలా రోజులు పక్కింటివాళ్ళకు చెప్పుకున్నాడు.

ఆ సుఖం నడుస్తుండగా ఒక స్వచ్ఛంద సంస్థ తరఫున కల్పలత అనే ఆమె వెతుక్కుంటూ వచ్చింది. కాలనీ కమ్యూనిటీ హాల్లో కాలేజీ పిల్లలకు ఆత్మరక్షణ నేర్పాలంది. ఊర్మిళ సరేనంది. మొదటి రోజు హాలుకు పోతే గోడకు ఫ్లెక్సీ కట్టి ఉంది: 'భయపడకు చెల్లీ, మేమున్నాం.'

"క్లాసు అయిపోయాక ఈ మాట మీ నోటితో చెప్పాలమ్మా. మీరు చెబితే పిల్లలకు ధైర్యం వస్తుంది," అంది కల్పలత.

"గుద్దుడు నేర్పుత, తన్నుడు నేర్పుత. గా మాట మాత్రం చెప్ప మేడమ్."

"అదేంటి?"

"మీ ప్రాజెక్టు ఎప్పటిదాంక?"

"మార్చి వరకు ఫండ్ ఉంది."

"మరి ఏప్రిల్‌ల ఎవరున్నట్టు?"

కల్పలత మంచి మనిషే. నొచ్చుకోలేదు. ఆ మాట తనే చెప్పుకుంది. ఫ్లెక్సీ మాత్రం తీయలేదు.

క్లాసులో నీహారిక అని ఇంటర్ మొదటి సంవత్సరం పిల్ల ఉండేది. కాకినాడ వైపు నుంచి వచ్చిన కుటుంబం. తండ్రి పోయాడు. తల్లి శేషారత్నం గల్లీ మొగలో కర్రీ పాయింట్ నడుపుతుంది. ఆ కొట్టు పెట్టించింది, ఇంటద్దె కట్టేది పెద్దల్లుడు సత్యదేవ్. అతనికి ట్రావెల్స్ కార్లున్నాయి. పెద్దకూతురూ అల్లుడూ ఆ ఇంట్లోనే ఉంటారు.

ఒక సాయంత్రం వెనక నుంచి చేయి పట్టుకుంటే ఎట్లా విడిపించుకోవాలో చూపిస్తున్నారు. జోడీ పిల్ల నవ్వుతూ వెనక నుంచి పట్టుకోగానే నీహారిక విడిపించుకోలేదు. అరవలేదు. కొయ్యలా నిలబడిపోయి, అక్కడే వాంతి చేసుకుంది. ఎండకు తిప్పిందన్నారు తోటి పిల్లలు. ఊర్మిళ నీళ్ళిచ్చి కూర్చోబెట్టింది. ఎండ కాదని ఆమెకు తెలుసు.

ఆ రోజు నుంచి నీహారిక క్లాసు అయ్యాక చాపలు చుట్టిపెట్టే మిషతో వెనకబడేది. ఊర్మిళ ఆ పిల్ల నోరు తెరవకముందే తాళంచెవి వాచ్‌మన్ చేతిలో పెట్టి గబగబా నడిచేది. ఇంటికి వచ్చి వంట చేసేది, గిన్నెలు తోమేది, తోమినవే మళ్ళీ తోమేది. హరికిషన్ రెండుసార్లు అడిగాడు, "ఏందీ పరేషాన్‌గ ఉన్నవు?" అని. ఏం లేదంది.

వారం అలా గడిచింది. ఎనిమిదో రోజో తొమ్మిదో రోజో నీహారిక చాపలు చుట్టలేదు. మెట్ల మీద కూర్చుని ఉంది. ఊర్మిళ ఆమెను దాటి రెండు మెట్లు దిగింది. మూడోది దిగలేకపోయింది. వెనక్కి వచ్చి పక్కన కూర్చుంది.

"మేడమండీ..." అంటూ మొదలుపెట్టబోయింది పిల్ల.

"ఆగు. ముందు నేను చెప్పేది ఇను. నువ్వు చెప్తే నేను ఊకోను. పోలీస్ స్టేషన్ పోవాలె, దవాఖాన పోవాలె, కోర్టు పోవాలె. కేసు జల్దీ ఒడువది, ఏండ్లు పడ్తది. ఇంట్ల నిన్నే తిడతరు. గల్లీల నిన్నే చూస్తరు. నీతోని మస్తుమంది ఉంటరని నేను చెప్ప. నేనొక్కదాన్నే ఉంట. ఇయ్యాల చెప్పకు. ఇంటికి పోయి సోంచాయించు. రేపు గూడ చెప్పబుద్ధైతే చెప్పు."

నీహారిక లేచి వెళ్ళిపోయింది. మరునాడు క్లాసుకు అందరికంటే ముందు వచ్చి, చెప్పులు విడవకుండానే, "బావండి," అంది. ఆ ఒక్క మాటే.

అటు తరువాత జరిగినవన్నీ ఊర్మిళ చెప్పినట్టే జరిగాయి. సత్యదేవ్‌ను అరెస్టు చేశారు. కొట్టు మూతపడింది. బాలల సంక్షేమ అధికారులు నీహారికను కొన్నాళ్ళు హోంలో ఉంచి, ఊర్మిళ తన పూచీ మీద చూసుకుంటానంటే ఆమె ఇంటికి పంపారు. నెల తిరిగేసరికి సత్యదేవ్ బెయిలు మీద వచ్చాడు. ఆ మరుసటి పొద్దున శేషారత్నం క్వార్టరు ముందు నిలబడి గుండెలు బాదుకుంది.

"మా కొంప కూల్చావు గదే తల్లీ! పెద్దదాని కాపురం ఏమైపోవాలే? రేపు అద్దె ఎవరు కడతారు, నువ్వు కడతావా? కడుపు పండని దానివి, కన్నకడుపు నొప్పి నీకేం తెలుసే!"

ఊర్మిళ తలుపు తీసి గుమ్మంలో నిలబడింది. లోపల నీహారిక మంచం పట్టె పట్టుకుని కూర్చుంది. తల్లి అరిచి అరిచి అలసి వెళ్ళిపోయేదాకా ఊర్మిళ అక్కడి నుంచి కదల్లేదు.

మార్చి ముగిసింది. ప్రాజెక్టు మూశారు. ఫ్లెక్సీ దించారు. కల్పలతకు నల్లగొండలో వేరే పని ఇచ్చారు. వెళ్ళేముందు వచ్చి ఊర్మిళ చేతులు పట్టుకుని కంటనీరు పెట్టుకుంది. "ఎప్పుడు అవసరమైనా ఫోన్ చేయండమ్మా," అంది. ఊర్మిళ తలూపింది. ఆ మాట అన్నప్పుడు మనిషి ఎంత నిజంగా అంటుందో ఆమెకు తెలుసు.

తరువాతి ఏడు హరికిషన్‌కు ప్రమోషన్ మీద ఖాజీపేట పోస్టింగు పడింది. క్వార్టరు ఖాళీ చేయాలి. ఆయన టీ తాగుతూ మెల్లగా ఆ సంగతి ఎత్తాడు.

"అక్కడ క్వార్టర్లు మంచిగున్నయట. చెట్లు గూడ ఉన్నయట."

"పిల్ల సంగతి?"

"హాస్టల్‌ల ఏద్దాం."

"సాక్ష్యం ఇంక షురూ గాలే. గిప్పుడు హాస్టల్‌ల ఏస్తే ఆళ్ళమ్మ వచ్చి ఏడ్సి ఎత్కపోతది."

ఆయన గ్లాసు కింద పెట్టాడు. "ఊర్మిళా, సగం జిందగీ నువ్వు దేశం మీద ఉంటివి. నేనొక్కన్నే వండుకున్న, తిన్న, పండుకున్న. ఒక్కనాడన్న ఏమన్న అంటినా? ఇప్పుడన్న కలిసుందమంటే గిట్లనా?"

ఆయన అన్న దాంట్లో అన్యాయం ఒక్క మాట లేదు. అయినా ఆయన ఒక్కడే ఖాజీపేట వెళ్ళాడు. ఊర్మిళ అదే గల్లీలో రెండు గదులు అద్దెకు తీసుకుంది. మొదట్లో సెలవు దొరికినప్పుడల్లా వచ్చేవాడు. తరువాత తరువాత, బండ్లు తీరిక ఇవ్వడంలేదనడం మొదలైంది.

కోర్టులో ఒకసారి జడ్జి సెలవు, ఒకసారి లాయరుకు జ్వరం, ఒకసారి డాక్టరు రాలేదు. వెళ్ళిన ప్రతిసారీ ఇద్దరూ వరండాలో బెంచీ మీద సాయంత్రం దాకా కూర్చుని వచ్చేవారు. అలాంటి ఒకనాడు నీహారిక అడిగింది, "ఆఫ్రికాలో మీరేం చేసేవారండీ?" అని.

ఏమనుకుందో ఊర్మిళ, మొదటిసారి ప్రిసిల్లా సంగతి నోట పలికింది. నీళ్ళ ప్యాకెట్లూ, పంపూ, జీపూ, చప్పట్లూ, గేటూ. జ్ఞానమణి ఫోనూ. దేనినీ తగ్గించలేదు.

నీహారిక ఎదురుగోడ వైపు చూస్తూ అడిగింది. "ఆ అమ్మాయి చెప్పి చచ్చిపోయిందని మీకు తెలుసు. తెలిసే నన్ను చెప్పనిచ్చారా?"

"తెలిసే. అందుకే ఆ వారం దినాలు నీ మొఖం చూడలేకపోయిన."

"మరి ఆ రోజు మెట్ల మీద ఎందుకు ఆగారు?"

"దిగలేకపోయిన బిడ్డా. గంతే. ఇగ దానికి వేరే జవాబు నా తాన లేదు."

ఆ రోజు బస్సులో నీహారిక ఆమె పక్కన కాకుండా వెనక సీట్లో కూర్చుంది. ఇంటికి వచ్చి అన్నం తినలేదు. మరునాటికి మామూలుగానే మాట్లాడింది. కానీ 'మేడమండీ' అనడం మానేసి 'మీరు' అని ఊరుకునేది. అది దగ్గరితనమో దూరమో ఊర్మిళకు తెలియలేదు.

సాక్ష్యాల రోజు వచ్చింది. నీహారిక బోనులో నిలబడి అడిగినవన్నీ చెప్పింది. అవతలి లాయరు అవే ప్రశ్నలు అటూఇటూ తిప్పి అడిగాడు. ఒకచోట తేదీ తడబడింది. అక్క వచ్చి తన భర్త దేవుడని చెప్పింది. చివర శేషారత్నం వచ్చింది. కూతురి వంక చూడకుండా, "దానికి చిన్నప్పట్నుంచీ అబద్ధాలు అలవాటేనండి. ఆ పోలీసావిడ నూరిపోసిందండి," అంది. ఆ మాట అనేటప్పుడు ఆవిడ గొంతు వణికింది. వణికిందని కాగితాల్లోకి ఎక్కదు గదా.

2025 వానాకాలంలో తీర్పు వచ్చింది. సంశయలాభం కింద సత్యదేవ్‌ను వదిలేశారు.

కోర్టు గేటు బయట అతని కారు ఆగి ఉంది. శేషారత్నం వెనక సీట్లో ఎక్కి, అద్దం ఎత్తుకునేలోపు ఒకసారి ఇటు చూసింది. కారు వెళ్ళిపోయింది. వాన దంచుతోంది. ఊర్మిళ, నీహారిక బస్టాపు రేకు కింద నిలబడ్డారు.

"చెప్పకుండా ఉంటేనే బాగుండేదా?" అంది నీహారిక.

ఊర్మిళకు నోటిదాకా వచ్చిన మాటలు రెండు మూడున్నాయి. అన్నీ ఫ్లెక్సీ మీద రాసుకునేవే. "తెల్వది బిడ్డా," అంది.

పైకోర్టుకు పోవచ్చన్నాడు లాయరు. వాయిదాలు ఇంకో నాలుగైదేళ్ళు సాగవచ్చన్నాడు. నీహారికకు అప్పటికి పద్దెనిమిది నిండాయి, నిర్ణయం ఆమెదే. ఆమె ఒక్క పూటే ఆలోచించింది. "నా వల్ల కాదండి. అవన్నీ మళ్ళీ చెప్పలేను," అంది. ఊర్మిళ నచ్చజెప్పలేదు.

పదిరోజుల్లో కర్రీ పాయింట్ మళ్ళీ తెరుచుకుంది. సాయంత్రాలు సత్యదేవ్ దాని ముందు ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చుంటున్నాడు. నీహారిక డిగ్రీ కాలేజీకి పోయే బస్సు ఎక్కాలంటే ఆ మొగ దాటాలి. వేరే దారి లేదు. రోజూ పొద్దున ఊర్మిళ ఆమె వెంట వెళుతుంది, సాయంత్రం స్టాపులో ఎదురుచూసి వెంట తెస్తుంది. కొట్టు ముందు వచ్చేసరికి ఇద్దరూ నడక పెంచరు, తగ్గించరు. అతను ఏమీ అనడు. ఒకోసారి నవ్వుతాడు. గిన్నెల వెనక శేషారత్నం తల వంచుకుని కూర పొట్లాలు కడుతూ ఉంటుంది.

ఆ వారం హరికిషన్ ఫోన్ చేశాడు.

"కేసు ఒడిసిందంటగా?"

"ఒడిసింది."

"ఇప్పుడన్న వస్తవా?"

"కేసు ఒడిసింది గనీ, వాడు గల్లీల్నే ఉన్నడు. పిల్ల చదువు ఇంక మూడేండ్లుంది."

అవతల యార్డులో బండి కలుపుతున్న చప్పుడు వినబడింది. కోపం తెచ్చుకుంటాడేమోనని ఆమె ఎదురుచూసింది. తెచ్చుకున్నా బాగుండుననుకుంది.

"తిన్నవా?" అన్నాడు చివరికి.

"లేదు. బియ్యం కడగాలె."

"సరే, కడుగు," అని పెట్టేశాడు.

ఆమె లేచి వంటింట్లోకి పోయి పొయ్యి వెలిగించింది. ముందు గదిలో నీహారిక పుస్తకం తెరిచి, వీధి తలుపు కనబడేలా గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఈ మధ్య ఆ పిల్ల ఎక్కడ కూర్చున్నా అలాగే కూర్చుంటుంది.